స్కానింగు గది ముందు ఖాదర్‌బీ

నల్లగొండలో మేం పనిచేసిన స్కానింగు సెంటరు తొంభై అయిదులో తెరిచారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సీటీ స్కాన్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు అప్పటికి నూటికి ఇద్దరు కూడా ఉండేవాళ్లు కాదు. డాక్టరు రాసిచ్చిన చీటీ మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చి, బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్లు. కొందరు కరెంటు పెడతారనుకునేవాళ్లు. ఆ యంత్రం రింగులోకి పోయిన మనిషి తిరిగి రాడని ఎవరో చెప్పగా విని, ఇంట్లో అందరికీ అప్పగింతలు పెట్టి వచ్చిన ముసలామె కూడా ఉంది.

వచ్చినవాళ్ల వివరాలు చీటీ మీద రాసుకోవడం, రిపోర్టులు టైపు చేయడం నా పని. నా బల్ల స్కానింగు గది తలుపు పక్కనే ఉండేది కాబట్టి బయట ఎవరేం మాట్లాడుకున్నా నా చెవిన పడేది. ఆ అయిదేళ్లలో అక్కడ నేను విన్న మాటల్లో సగం ఖాదర్‌బీవి.

ఆమె మా సెంటరులో ఆయా. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు. మర్రిగూడ దగ్గర పల్లెలో దూదేకుల కుటుంబం వాళ్లది. భర్త బషీర్ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఆమె పక్కన కూర్చుని పరుపులూ మెత్తలూ కుట్టేది. బడి ముఖం చూడలేదు. స్కానింగు సంగతి ఆమెకు ఎలా తెలిసిందో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తానే నాకు చెప్పింది.

ఎనభై ఎనిమిదిలో బషీర్ బస్సు మీద పరుపుల మూట కడుతూ జారి కింద పడ్డాడు. ఆ రోజు బట్టలు దులుపుకుని నవ్వాడట. మూడు వారాలు గడిచాక తలనొప్పి మొదలైంది. ఇంకో నాలుగు రోజులకు కుడిచేయి పట్టు తప్పింది, మాట ముద్దగా రాసాగింది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోతే తలకు స్కాన్ తీయాలన్నారు.

బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ కట్టి, "కదలకు" అని ఒక్క మాట చెప్పి అందరూ బయటికి వెళ్లి తలుపేసుకున్నారు. తల చుట్టూ ఏదో గిర్రున తిరగడం మొదలైంది. కింద బల్ల దానంతట అదే జరిగింది. బషీర్ పట్టీ లాగేసుకుని, బల్ల దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి ఉరికొచ్చాడు. అప్పటికే తలలో నెత్తురు చేరి మెదడును నొక్కుతున్న మనిషి! లోపలి వాళ్లు విసుక్కుని రేపు రమ్మన్నారు.

"ఆయన పిరికోడు గాదు తమ్మీ," అంది ఖాదర్‌బీ. "పరుపుల దూరిన పామును చేతితోని పట్టి బయట ఏసిండు ఒకపారి. గని లోపట ఏమైతదో ఆయనకు ఎవ్వలు చెప్పలే. తెల్వనిదానికి ఎవలైనా ఉరుకుతరు."

ఆ సాయంత్రం ఆమె స్కానింగు గదిలో పనిచేసే మనిషి టీకి బయటికొచ్చేదాకా మెట్ల మీద కాచుకుని కూర్చుంది. వచ్చాక ఒక్కొక్కటే అడిగింది. ఆ తిరిగేది ఏంది? అది మనిషికి తాకుతదా? ఎంతసేపు? మీరు యాడ ఉంటరు? లోపలి నుంచి పిలిస్తే ఇనబడ్తదా? ఆయన మంచివాడు, అన్నిటికీ జవాబు చెప్పాడు. ఆమె వార్డుకు పోయి భర్త పక్కన కూర్చుని తన మాటల్లో మళ్లీ చెప్పింది.

"నీ తల చుట్టూత ఒక గుండ్రటి కమాను ఉంటది. దాంట్ల ఫొటోలు తీసేది తిరుగుతది, అందుకే గా సప్పుడు. నిన్ను ముట్టది. బల్ల ఇంతింత జరుగుతది, నువ్వు పడవు. అద్దం అవతల మనిషి నిన్ను చూస్కుంటనే ఉంటడు. పిలిస్తే పలుకుతడు."

మర్నాడు ఆమెనూ లోపల ఉండనిచ్చారు. ముందు ఒక నర్సు "కడుపుతో ఉన్నావా?" అని అడిగి, లేదన్నాక, కిరణాలు తగలకుండా మెడ నుంచి మోకాళ్ల దాకా వచ్చే బరువైన సీసపు కోటు తొడిగింది. ఖాదర్‌బీ భర్త పాదం పట్టుకుని నిలబడింది. ఇరవై నిమిషాలు బషీర్ రాయిలా పడుకున్నాడు. ఫొటోలు స్పష్టంగా వచ్చాయి. పుర్రెకు చిన్న రంధ్రం చేసి నెత్తురు తీసేశారు. వారానికి మాట తిరిగొచ్చింది, నెలకు చేయి వచ్చింది. తర్వాత ఆరేళ్లు బతికాడు, మళ్లీ దూది ఏకాడు. తొంభై నాలుగులో కామెర్లతో పోయాడు.

అతను పోయాక ఆమె నల్లగొండకు వచ్చి, ఒక కిరాయి గదిలో పరుపులు కుట్టుకుంటూ బతకసాగింది. మా సెంటరులో బెంచీలకు మెత్తలు వేయడానికి పిలిపిస్తే సూదీ దారంతో వచ్చింది. ఆ పూట ఒక నడివయసు ఆడమనిషి లోపలికి పోనని తలుపు పట్టుకుని ఏడుస్తూ ఉంది. మా టెక్నీషియన్ లియాఖత్ అలీ భువనగిరి వాడు, పని బాగా తెలిసినవాడు, కానీ ఏడ్చేవాళ్లను చూస్తే చేతులు కాళ్లు ఆడవు. ఖాదర్‌బీ సూది పక్కన పెట్టి లేచి, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టుకుని, బషీర్‌కు చెప్పిన మాటలే చెప్పింది. పావుగంటలో ఆ మనిషి తనంతట తానే నడిచి లోపలికి పోయింది. ఇదంతా చూసిన మా డాక్టరు గారు సాయంత్రం ఆమెను పిలిచి పనిలోకి రమ్మన్నారు.

అప్పటి నుంచి మా సెంటరు పద్ధతే మారింది. అంతకుముందు కడుపు స్కాన్ అయితే నాలుగైదు గంటల ముందు నుంచీ ఏమీ తినకుండా రావాలని చెప్పేవాళ్లం. ఎందుకో చెప్పేవాళ్లం కాదు. దాంతో జనం "ఇడ్లీయే గద" అని తినే వచ్చేవాళ్లు. ఖాదర్‌బీ కారణం కూడా చెప్పేది. "నరానికి మందు ఎక్కిస్తరు. కొందరికి కడుపుల దేవినట్లయి వాంతి అస్తది. ఎల్లకిల పండుకోని వాంతి చేస్కుంటే అది ఊపిరిల వడ్తది. అందుకే తినద్దంటున్న." కారణం తెలిసినవాళ్లు తినలేదు.

ఆ మందు లోపలికి పోతుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, బట్టలో మూత్రం పోయిందేమో అనిపిస్తుంది. ఆ చివరి సంగతి చెప్పడానికి మేమంతా సిగ్గుపడేవాళ్లం. ఆమెకు సిగ్గు లేదు. "పోయినట్టు అనిపిస్తది, పోదు. కంగారువడి లేవకు. నిమిషంల తగ్గుతది," అని మగవాళ్లకైనా ముఖం మీదే చెప్పేది. అయిపోయాక నీళ్లు బాగా తాగమనేది, మందు మూత్రంలో బయటికి పోవాలి కదా అని. ముందుగా మాత్రం మూత్రపిండాల జబ్బేమైనా ఉందా, షుగరుందా అని అడిగేది. ఉందంటే తాను సలహా ఇవ్వకుండా డాక్టరు గారికి చెప్పేది.

పొట్ట ఫొటోకు ఊపిరి బిగపట్టాలి. "శ్వాస నిలపండి" అని మైకులో లియాఖత్ అంటే పల్లెవాళ్లు బిత్తరపోయేవాళ్లు. ఆమె బెంచీ మీదే నేర్పేది. "నిండు బిందె నెత్తికెత్తుకునేటప్పుడు ఊపిరి బిగవడ్తవు గద అవ్వా, గట్ల పట్టు. ఆఁ. ఇగ ఇడువు." నాలుగుసార్లు చేయించి గాని లోపలికి పంపేది కాదు.

తల స్కాన్‌కు, మెడ స్కాన్‌కు లోహం ఉండకూడదు. ఉంటే ఫొటో నిండా తెల్లటి గీతలు పడతాయి. జడపిన్నులు, కమ్మలు, ముక్కుపుడక తీయడానికి పేచీ ఉండేది కాదు. పుస్తెలతాడు దగ్గర వచ్చేది తంటా. అది తీయమంటే కొందరు స్కానే వద్దని లేచిపోయేవాళ్లు. ఖాదర్‌బీ తన రేకు డబ్బాలో పసుపు కొమ్ములు, పసుపు రాసిన నూలు తాడు పెట్టుకునేది. కొమ్ము కట్టిన తాడు ముందు మెడలో వేయించి, ఆ తర్వాతే పుస్తెలు తీయించేది. తీసిన బంగారం తాను ముట్టకుండా, వెంట వచ్చినవాళ్ల కొంగులో ముడి వేయించేది. తాయెత్తులకు కూడా ఒక దారి చూపేది. "మెడకెల్లి తీసి గుప్పిట్ల పట్టుకో. నీ తోనే ఉంటది."

ఆమె తప్పు చేయలేదని కాదు. చేరిన ఆరో నెలలో జానయ్య అని ఒక లారీ డ్రైవరు పొట్ట స్కాన్‌కు వచ్చాడు. చాలా భయపడుతున్నాడు. ఆ రోజు జనం ఎక్కువ. ఖాదర్‌బీ అతని భుజం తట్టి, "ఏం గాదు అన్నా, పో," అని పంపేసింది. మందు ఎక్కిన రెండు నిమిషాలకే అతని మెడ మీద దద్దుర్లు లేచాయి, పిల్లికూతలు మొదలై ఊపిరి అందలేదు. డాక్టరు గారు పరుగున వచ్చి సూదులు వేసి, ఆక్సిజన్ పెట్టి, గంటకు మామూలు చేశారు. తర్వాత అడిగితే జానయ్యకు చిన్నప్పటి నుంచీ దమ్ము, అంటే ఉబ్బసం, ఉంది. ఇంతకు ముందు ఏదో సూదికి ఇలాగే ఒళ్లంతా దద్దులు లేచాయట కూడా.

"మరి చెప్పలేదేమయ్యా?" అన్నారు డాక్టరు గారు.

"ఎవ్వలు అడగలే సారు," అన్నాడు జానయ్య.

అడగవలసింది మేమంతా. చీటీ రాసుకునే నేను, సూది వేసే లియాఖత్, డాక్టరు గారు. కానీ ఆ మాట ఖాదర్‌బీకే గుచ్చుకుంది. మూడో రోజు నా బల్ల దగ్గరికొచ్చి, "ఏం గాదు అన్న మాట ఇగ నా నోట రాదు. ఏమైతదో అదే చెప్త," అంది. ఆ రోజు నుంచి దమ్ము ఉందా, ఏ మందైనా పడలేదా, ఇదివరకు ఇలాంటి సూది వేసుకున్నారా అని అడగనిదే ఎవరినీ తలుపు దాటనివ్వలేదు. డాక్టరు గారు కూడా ఆ ప్రశ్నలు చీటీ మీద అచ్చు వేయించారు. ఆమె చదవలేదు కాబట్టి నేను చదివి వినిపిస్తే, వరస తప్పిందని రెండుసార్లు దిద్దించింది.

ఇంకో ప్రశ్న మాత్రం చీటీ మీద ఉన్నా అందరి ముందు అడిగేది కాదు. అండాలు అని ఇరవై ఏళ్ల పిల్ల నడుము పక్కన నొప్పితో అత్త వెంట వచ్చింది. కడుపుతో ఉందా అని నేను చీటీ రాస్తూ అడిగితే, "లేదు లేదు" అంది అత్త. పిల్ల తల దించుకుంది. బట్టలు మార్చుకునే తెర వెనకకు తీసుకుపోయి ఖాదర్‌బీ మళ్లీ అడిగింది. తెర నా బల్ల వెనకే కాబట్టి వినబడింది.

"బిడ్డా, ఆఖరుకు బయట ఎప్పుడున్నవు?"

ఆ పిల్ల సన్నగా, "నెల తప్పి రెండు నెలలాయె. ఇంట్ల చెప్పలే. పోయినపారి నిలవలే, మళ్ల గట్లనే ఐతదేమోనని," అంది.

"మంచిగ చెప్పినవు. గీ కిరణాలు లోపలున్న పసిగుడ్డుకు మంచియి గావు. డాక్టరు సారు వేరే తీరుగ చూస్తడు, ఉండు."

ఆ పిల్లకు స్కాన్ తీయలేదు. కిరణాలు లేని అల్ట్రాసౌండ్ చేస్తే మూత్రపిండంలో రాయి కనబడింది. దానికి తగ్గ మందులే ఇచ్చారు. ఆ ఏడు చివర అండాలు ఆడపిల్లను ఎత్తుకుని తెచ్చి ఖాదర్‌బీ ఒళ్లో పెట్టింది. అత్త మిఠాయి పంచింది.

తొంభై ఏడులో కాటమయ్య వచ్చాడు. అతన్ని గురించి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

కాటమయ్యది మర్రిగూడ వైపు ఊరు. ఒకప్పుడు రోజుకు ముప్పై తాటిచెట్లు ఎక్కి దిగిన గీత కార్మికుడు. ఫ్లోరైడు ఉన్న ఆ ఊరి నీళ్లు తాగి తాగి నలభై అయిదేళ్లకే నడుము విల్లులా వంగింది, మెడ బిగుసుకుపోయింది. గత ఏడాదిగా కాళ్లు మొద్దుబారి, చేతి వేళ్లతో ముద్ద కూడా పట్టుకోలేకపోతున్నాడు. మెడలో నరం నలుగుతున్నదేమో చూడమని హైదరాబాదు డాక్టరు స్కాన్ రాశాడు. భార్య శ్యామలమ్మ అతన్ని బస్సులో దాదాపు మోసుకుంటూ తెచ్చింది.

ఆ రోజు ఖాదర్‌బీ లేదు. షాద్‌నగర్‌లో కూతురి దగ్గరికి పోయింది. లియాఖత్ కాటమయ్యను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టబోయాడు. గూని వల్ల తల బల్లకు ఆనలేదు, జానెడు ఎత్తున గాలిలో నిలిచింది. భుజాలు కొంచెం అదిమితే కాటమయ్య పెట్టిన కేక వీధిలోకి వినబడింది. రెండుసార్లు ప్రయత్నించి, కుదరదని పంపేశారు. శ్యామలమ్మ అతన్ని నడిపించుకుంటూ మెట్లు దిగింది.

మర్నాడు సంగతి తెలిసి ఖాదర్‌బీ లియాఖత్‌ను నిలదీసింది.

"ఎట్ల పంపినవు లియాఖత్? గంత దూరం కెల్లి అచ్చినోళ్లను!"

"నేనేం జేద్దు ఆపా? మనిషి సాఫ్‌గ పండుకోకపాయె. పండుకోకుంటే ఫొటో ఎట్ల వస్తది?"

"మరి ఇంట్ల పండుకుంటలేడా? రోజూ రాత్రి నిలవడి నిద్రవోతడా? ఇంట్ల ఎట్ల పండుకుంటవని అడిగినవా?"

మా ఇద్దరిలో ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు.

మర్రిగూడ బస్సు కండక్టరుతో ఆమె కబురు పంపింది. మంగళవారం రమ్మని, ఇంట్లో అతను పడుకునే బొంత కూడా తెమ్మని. ఈసారి నమ్మి వస్తారో రారో అనుకున్నాం. వచ్చారు. శ్యామలమ్మ బొంతను చంకలో పెట్టుకుని వచ్చింది.

ఖాదర్‌బీ కాటమయ్యను మా పొడవాటి బెంచీ దగ్గరికి తీసుకుపోయింది. "కాటమన్నా, గిది మీ ఇల్లే అనుకో. రోజూ ఎట్ల పండుకుంటవో గట్లనే పండు."

శ్యామలమ్మ సాయం పట్టింది. అతను కుడివైపుకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, వీపు వెనక చుట్టిన బొంతకు ఆనుకుని పడుకున్నాడు. ముఖం నెమ్మదించింది. ఖాదర్‌బీ నేల మీద కూర్చుని అతని ఒంటికీ బెంచీకీ మధ్య ఎక్కడెక్కడ ఖాళీ ఉందో చేయి దూర్చి చూసింది. చెంప కింద ఎంత, నడుము ఒంపులో ఎంత, మోకాళ్ల నడుమ ఎంత అని దారంతో కొలిచి ముడులు వేసుకుంది. మధ్యాహ్నం దాకా సమయమడిగి, తన గదికి పోయి దూదీ గుడ్డా తెచ్చి, మా వరండాలోనే కూర్చుని నాలుగు మెత్తలు కుట్టింది. ఒకటి మందం, ఒకటి పలుచన, రెండు ఒకవైపు వాలుగా. గుండీ గాని పిన్ను గాని లేకుండా అంచులు దారంతోనే మూసింది. చివర సూదిని మాకు చూపించి డబ్బాలో పెట్టింది, లోపల ఉండిపోలేదని.

"పక్కకు తిరిగి ఉంటే ఫొటో పనికొస్తదా సార్?" అని లియాఖత్ డాక్టరు గారిని అడిగాడు.

"మెడ ఎటు తిరిగి ఉంటే ఏమయ్యా, కదలకుండా ఉంటే చాలు. ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టు," అన్నారాయన.

బల్లను కిందికి దింపి కాటమయ్యను అదే పద్ధతిలో పడుకోబెట్టారు. ఖాదర్‌బీ ఒక్కొక్క ఖాళీలో ఒక్కొక్క మెత్త అమర్చింది. రింగులోకి భుజం ఆనకుండా పోతుందో లేదో లియాఖత్ ఒకసారి బల్ల జరిపి చూశాడు. రెండు వేళ్ల సందుంది.

"అన్నా, అర్ధగంట పడ్తది. సప్పుడైతది, బల్ల జరుగుతది. మింగబుద్ధైతే ఫొటోకు ఫొటోకు నడుమ మింగు. నొప్పి లేస్తే నోటితోని చెప్పు, కదిలి చెప్పకు. లియాఖత్ అద్దంల కెల్లి చూస్తనే ఉంటడు."

"నువ్వుంటవా అక్కా?"

"నేను తలుపు అవతల ఉంట. లోపట ఉత్తగ ఎవ్వలు ఉండద్దు, గది నియమం."

ముప్పై అయిదు నిమిషాలు. శ్యామలమ్మ తలుపు వైపే చూస్తూ నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు తెరుచుకుని లియాఖత్ బయటికి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ, "ఒక్క ఫొటో కూడా ఖరాబ్ కాలే ఆపా," అన్నాడు. లోపల కాటమయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. లేపితే, "జర కన్నంటుకున్నది," అన్నాడు సిగ్గుపడుతూ.

ఆ రిపోర్టు నేనే టైపు చేశాను. మెడ ఎముకలను వెనక కలిపి ఉంచే పట్టీ గట్టిపడి ఎముకలా మారి, రెండు చోట్ల వెన్నుపామును నొక్కుతున్నదని డాక్టరు గారు చెప్పారు. ఎక్కడ కోయాలో ఆ ఫొటోల్లో తెలిసింది. ఫిలింలు ఇచ్చేటప్పుడు ఖాదర్‌బీ శ్యామలమ్మకు గట్టిగా చెప్పింది. "వీటిని మడత పెట్టకు, ఎండల పెట్టకు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఎంట తీస్కపో. ఇవి లేకుంటే మళ్ల తియ్యాలంటరు, ఊరికే మళ్ల కిరణాలు తాకుతయి."

రెండు నెలలకు హైదరాబాదులో కాటమయ్యకు ఆపరేషన్ అయింది. నడుము వంపు అలాగే ఉంది, అది పోయేది కాదు. కాళ్లలో బలం సగమే వచ్చింది. కానీ వేళ్లు తిరిగొచ్చాయి. ఆరు నెలల తర్వాత చేతికర్రతో మా మెట్లెక్కి వచ్చాడు. శ్యామలమ్మ రెండడుగులు వెనక నడిచింది, పట్టుకోకుండా. ఖాదర్‌బీ టీ తెప్పించింది. అతను గ్లాసు అందుకుని, ఒలకకుండా చివరి గుక్క దాకా తాగాడు. ఆమె అతని చేతినే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత మర్రిగూడ బస్సులో ఇంకా చాలామంది వంగిన మనుషులు వచ్చారు. కౌంటరు దగ్గర డాక్టరు ఉన్నాడా అని అడిగేవాళ్లు కాదు, "మెత్తలమ్మ ఉన్నదా" అని అడిగేవాళ్లు. ఆమె గది మూల పద్దెనిమిది రకాల మెత్తలు చేరాయి. తొంభై తొమ్మిది దాకా, చూపు మందగించి కూతురి దగ్గరికి వెళ్లిపోయే వరకు, ప్రతి ఆదివారం వాటి గలేబులు తానే ఉతికి ఆరేసేది.